మీ అమ్మ ఎవరని అడిగితే

మొన్న శనివారం మా ఆయన పెద్ద బంగాళదుంపల బస్తా ఒకటి మోసుకొచ్చి బేస్‌మెంట్‌లో పెట్టి, కూరకి నాలుగు దుంపలు పట్టుకురమ్మని నన్ను కిందికి పంపాడు. బస్తా మూతికున్న దారం లాగానో లేదో, తడిమన్ను, కాస్త కుళ్ళు, చలి పట్టిన చీకటి కలిసిన వాసన ముఖాన కొట్టింది, నా కుడి అరచెయ్యి దానంతటదే లేచి నా నోరు మూసేసింది. ముప్పై దాటినదాన్ని, ఈ ఓక్‌విల్‌లో పళ్ళ క్లినిక్‌లో రోజూ పదిమంది చేత నోళ్ళు తెరిపించే ఉద్యోగం చేసేదాన్ని, దుంపల ముందు నోరు మూసుకుని ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. కరీంనగర్ మనిషి కదా, పైనుంచి "ఏమైందే, మొలకలొచ్చినయా?" అని అడిగాడు. మొలకలేం రాలేదని చెప్పి, దుంపలు తేకుండానే పైకొచ్చి, ఆ పూటకి పప్పుతో సరిపెట్టాను.

నేను పుట్టి పెరిగింది ఎడ్మంటన్‌కి ఉత్తరాన రెండున్నర గంటల దూరంలో, తారురోడ్డు అయిపోయి కంకరరోడ్డు కూడా అయిపోయాక వచ్చే పొలాల మధ్య, పదకొండు తెలుగు కుటుంబాలు కలిసి కట్టుకున్న ఒక చోట. దానికి పేరంటూ లేదు, 'ఇల్లు' అనేవాళ్ళం. దాన్ని నిలబెట్టినాయన ఒకప్పుడు ఆయిల్ కంపెనీలో ఇంజనీరు. ఒక చలికాలం ఆయనకేదో వెలుగు కనిపించిందట, ఉద్యోగం మానేసి, తనని నమ్మినవాళ్ళని వెంటబెట్టుకుని అక్కడికి వెళ్ళిపోయాడు. మాకందరికీ ఆయన 'పెద్దాయన'. చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు. మా దగ్గర వినేవాళ్ళు ఇంజనీరింగులూ ఎం.సి.ఏ.లూ చదివినవాళ్ళు, అయినా లోకువే. బడి వద్దు, టీవీ వద్దు, డాక్టరు అసలే వద్దు. ఒంట్లో రోగం పుట్టిందంటే మనసులో అనుమానం పుట్టినట్టేనని ఆయన చెప్పేవాడు, అందుకని తుమ్ము వచ్చినా మేం భయపడేవాళ్ళం. పెద్దాయనకి నారింజపండు తొక్క ఒక్క ముక్కగా, తెగకుండా వలిచే అలవాటుండేది. ఆయన వలుస్తున్నంతసేపూ బల్లల చుట్టూ ఉన్న యాభైమందిమీ అన్నం ముట్టకుండా ఆ తొక్కనే చూసేవాళ్ళం. మధ్యలో తెగిందా, మాలో ఎవరో తప్పు చేశారని ఆయన కంచం తోసేసి లేచిపోయేవాడు, ఆ రోజంతా ఆ తప్పు ఎవరిదో మేం వెతుక్కోవాలి. నేను చాలాసార్లు చెయ్యని తప్పులు ఒప్పుకున్నాను.

అన్నీ చేదు జ్ఞాపకాలేనని చెప్తే మాత్రం అబద్ధమవుతుంది. మంచు కరిగి బురదలోంచి ఎర్రటి రూబార్బ్ కాడలు లేస్తే, గోంగూర దొరకని ఆ ప్రాంతంలో వాటినే ముక్కలు కోసి పప్పులో వేసేవాళ్ళు, ఆ పులుపు తలుచుకుంటే ఇప్పటికీ నాకు దవడలు జివ్వుమంటాయి. జూలైలో ఆవచేలలాంటి కనోలా పూసి కనుచూపు మేరంతా పసుప్పచ్చగా మండేది, దోమలు ముసిరి చెవులు వాచేవి, పొదల్లో నల్లగా పండిన సాస్కటూన్ పళ్ళని పిల్లలందరం నాలుకలు ఊదారంగు తిరిగేదాకా తిని, మిగిలినవి తెస్తే వంటింటి పెత్తనమంతా చూసే సుభద్రమ్మ వాటికి ఎండుమిర్చి తాలింపు వేసి పచ్చడి నూరేది. ఏడాదిలో అతి పొట్టి పగటి రోజున మాకు 'వెలుగు పండగ'. ఆ రోజు బూరెలు, పులిహోర, బెల్లం పరమాన్నం. కిటికీల బయట మైనస్ ముప్పై, లోపల నూనె పొగకి కళ్ళు మంట. చలిలో తోకలూపుకుంటూ వచ్చే మాగ్‌పై పిట్టలకి మేం దొంగతనంగా బూరె ముక్కలు వేసేవాళ్ళం, ఎందుకంటే అవొక్కటే బయటినుంచి మా దగ్గరికి భయం లేకుండా వచ్చిపోయేవి.

'నాది' అనే మాట మా ఇంట్లో నిషేధం. నా చొక్కా, నా బొమ్మ అనకూడదు, అన్నిటికంటే ముందు నా అమ్మ అనకూడదు. నాలుగేళ్ళు నిండిన పిల్లల్ని పిల్లల గదికి మార్చేసేవాళ్ళు, అక్కణ్ణుంచి ఆడవాళ్ళందరూ అందరికీ అమ్మలే, పేరు చివర 'అమ్మ' తగిలించి పిలవడమే. నన్ను కన్న తల్లిని నేను 'వాణమ్మ' అని పిలిచాను, పక్కింటి కమలమ్మని పిలిచినట్టే. తన పిల్లలకి తల్లి ఒక ముద్ద ఎక్కువ పెట్టినట్టు కనిపిస్తే ఆ రాత్రి ప్రార్థనలో ఆమెని నిలబెట్టేవాళ్ళు. ఆదివారాలు వాణమ్మ వంతు జడలు వెయ్యడం. వరసలో కూర్చున్న ఆడపిల్లలందరికీ తలా పది సార్లు దువ్వెన లాగేది, నాకూ పదే, మా చెల్లి సుధకీ పదే. కాని మా ఇద్దరికీ జడ చివర రబ్బరుబ్యాండ్ వేసేటప్పుడు వేళ్ళు కాసేపు అక్కడే ఉండిపోయేవి. ఎవరైనా చూస్తారేమోనని నేను కదిలేదాన్ని కాదు.

ఇక మా ఆట. వంటింటి పక్క సామాన్ల గదిలో చెక్క నేలకి ఒక మూత ఉండేది, దాని కింద మెట్లు, మెట్ల కింద దుంపలు నిలవ చేసే మట్టి గది. గవర్నమెంటు వాళ్ళొచ్చి పిల్లల్ని ఎత్తుకుపోతారని, మళ్ళీ అమ్మానాన్నలని చూడనివ్వరని మాకు అన్నప్రాసన నాటినుంచీ చెప్పారు. అందుకని శనివారం శనివారం 'కారొచ్చింది' ఆట ఆడించేవాళ్ళు. సుభద్రమ్మ గరిటెతో పళ్ళెం మీద కొడితే ఎక్కడివాళ్ళం అక్కడ వదిలేసి కిందికి దిగాలి, పెద్దపిల్లలు చిన్నపిల్లల నోళ్ళు అరచేత్తో మూయాలి, పైన మూత వేసి దానిమీదికి బియ్యం డబ్బా జరుపుతారు. అన్నిటికంటే ఎక్కువసేపు చప్పుడు చెయ్యని వాళ్ళకి సున్నుండ. ఎన్ని సున్నుండలు తిన్నానో! నా అంత నోరు మూసుకోగలిగిన పిల్ల అక్కడ లేదు. ఆ తర్వాత ప్రశ్నల పాఠం: ఎవరైనా కొడతారా అంటే లేదనాలి, ఆకలేస్తోందా అంటే లేదనాలి, మీ అమ్మ ఎవరంటే 'అందరూ' అనాలి.

నాకు తొమ్మిదేళ్ళు, సుధకి దాదాపు అయిదు ఉన్నప్పటి ఫిబ్రవరిలో దానికి ఆయాసం పట్టుకుంది. నాలుగు రోజులు పసుపు ఆవిరి పట్టారు, చుట్టూ కూర్చుని ప్రార్థనలు చేశారు, దానిలో అనుమానం ఉందన్నారు. అయిదేళ్ళు కూడా లేని పిల్లకి దేనిమీద అనుమానమో నాకర్థం కాలేదు, కానీ నేనూ దాన్ని అడిగాను, ఏం తప్పు చేశావే అని. దానికి జవాబు చెప్పడానికి ఊపిరి చాలలేదు. అయిదో రోజు మధ్యాహ్నం, శనివారం కాని రోజు, పళ్ళెం మోగింది. ఈసారి మోత ఆటలా లేదు. సుధని ఈడ్చుకుంటూ దిగాను, మూత పడింది, డబ్బా జరిగింది.

చీకట్లో మట్టివాసన. పైన బూట్ల చప్పుడు, ఎవరో ఆడమనిషి ఇంగ్లీషులో పిల్లలెక్కడని అడుగుతోంది, పెద్దాయన చక్కటి ఇంగ్లీషులో వేరే ఊరికి ప్రార్థనకి వెళ్ళారని చెప్తున్నాడు. నా చెయ్యి సుధ నోటిమీద ఉంది. దాని పక్కటెముకలు నా పొట్టకి తగిలి లోపలికి పీక్కుపోతున్నాయి, ముక్కులోంచి సన్నగా ఈల వస్తోంది, ఆ ఈల పైకి వినిపిస్తుందని నేను ఇంకా గట్టిగా అదిమాను. నా చెల్లెలి నోరు నేనే అదిమాను. ఎత్తుకుపోతారన్న భయం అంతది. కాసేపటికి ఈల ఆగింది. ముందు హమ్మయ్య అనుకున్నాను. ఆ తర్వాత దాని తల బరువుగా నా భుజం మీద పడింది, అప్పుడు అంతకంటే పెద్ద భయం వచ్చి "అమ్మా" అని అరిచాను.

పైన పదకొండు మంది అమ్మలున్నారు. బియ్యం డబ్బా జరిపింది ఒక్క వాణమ్మే. మూత లేచింది, వెలుతురు పడింది, ఎవరో సుధని నా చేతుల్లోంచి తీసుకుని నేలమీద పడుకోబెట్టి ముఖానికి ఏదో తగిలించారు, అది మళ్ళీ ఊపిరి తీసింది. మా నాన్న పెద్దాయన వెనక నిలబడి నేలచూపులు చూస్తున్నాడు. బూడిదరంగు కోటు వేసుకున్న ఆవిడ నా ముందు మోకాళ్ళ మీద కూర్చుని, అంబులెన్సులో చెల్లితో పాటు మీ అమ్మ కూడా రావచ్చు, ఇందులో మీ అమ్మ ఎవరు, అని మెల్లగా అడిగింది. వాణమ్మ అక్కడే ఉంది, డబ్బా పట్టుకుని. ఒక్క వేలు చూపిస్తే చాలు. పెద్దాయన నావైపు చూశాడు. నేర్పిన పాఠం నేర్పినట్టే "అందరూ" అన్నాను. ఆవిడ ఆడవాళ్ళందరి ముఖాలూ చూసింది, ఎవరూ కదల్లేదు, అంబులెన్సు సుధని ఒంటరిగా తీసుకుపోయింది. మమ్మల్ని వ్యానెక్కించారు.

మమ్మల్నిద్దరినీ గవర్నమెంటు తరఫున పెంచడానికి తీసుకున్న ఇంటివాళ్ళు చెడ్డవాళ్ళు కాదు. సుధకి ఆస్తమా అని తెలిసి, పఫర్‌తో మందు పీల్చడం నేర్పి, పక్కలో పడుకోబెట్టుకున్నారు. వాణమ్మ రెండు చలికాలాలు గడిచాక ఇల్లు వదిలి బయటికొచ్చింది, నాన్న రాలేదు. వారానికొక గంట, ఒక ఆఫీసు గదిలో, పక్కన ఒకరు కూర్చుని రాసుకుంటుంటే మమ్మల్ని చూసేది. మొదటిసారి సుధ ఆమెని తేరిపార చూసి "హాయ్ ఆంటీ" అంది. మళ్ళీ మమ్మల్ని ఆమెకి అప్పగించడానికి ఇంకో రెండేళ్ళు పట్టింది. అప్పటికి సుధ నోట తెలుగు ఒక్క ముక్క మిగల్లేదు.

దుంపల బస్తా వచ్చిన మర్నాడు మా క్లినిక్‌లో పనిచేసే స్వప్న ఇంట్లో, తలా ఒక వంట పట్టుకెళ్ళే పాట్‌లక్. టీవీ వార్తల్లో ఎక్కడో ఇలాంటి చోటునుంచే పిల్లల్ని తీసుకెళ్తున్నట్టు చూపిస్తున్నారు. వాళ్ళ మామగారు, అలాంటి తల్లిదండ్రుల దగ్గర పిల్లల్ని ఒక్క పూట కూడా ఉంచకూడదన్నారు. ఒక ఆంటీ, తల్లి ఒడిలోంచి పిల్లని లాక్కునే హక్కు ఏ గవర్నమెంటుకుందండీ అని గొంతు పెంచింది. ఇద్దరి మాటలూ నాకు నిజమే అనిపించాయి, ఇద్దరి మీదా ఒళ్ళు మండింది. లేచి వెళ్ళి సింకులో ఉన్న గిన్నెలన్నీ కడిగాను.

ఇంటికొచ్చాక అమ్మకి ఫోన్ చేశాను. ఎడ్మంటన్‌లో ఒక డేకేర్ వంటింట్లో పనిచేస్తుంది, ఆదివారం ఖాళీ. పాట్‌లక్ గొడవ చెప్పాను.

"ఆ రోజు గవర్నమెంటు వాళ్ళకి ఫోన్ చేసింది నేనే తల్లీ" అంది.

నిలవ దుంపలు అమ్మడానికి టౌన్‌కి తీసుకెళ్ళినప్పుడు పక్క స్టాల్లో జామ్ అమ్మే ముసలావిడ ఫోన్ అడిగి తీసుకుందట. సుధ ఇక బతకదనిపించిందట. మరి నువ్వెందుకు మాతో రాలేదమ్మా అని అడిగాను. ఉన్న ధైర్యమంతా ఆ ఫోన్‌కే అయిపోయిందంది. ఇరవై ఏళ్ళకి పైగా దాచుకున్నది అప్పుడు చెప్పేశాను, నేను 'అందరూ' అనకుండా నిన్ను చూపించి ఉంటే సుధతో వెళ్ళేదానివి కదా అని.

"నన్ను చూపించకూడదని దణ్ణం పెట్టుకున్నానే. చూపించుంటే, నేను కాదనేదాన్ని."

నేను మెట్లమీద కూర్చున్నాను. అమ్మే అంది, ఇదేదీ సుధకి చెప్పొద్దని. సుధ ఇప్పుడు మాకు దగ్గర్లోనే ఒషావాలో చట్టాలకి సంబంధించిన చదువేదో చదువుతోంది. తల్లుల దగ్గర్నుంచి పిల్లల్ని తీసుకునే హక్కు ఎవరికీ ఉండకూడదని పేపర్లు రాస్తుంది, "దే స్టోల్ అస్ ఫ్రమ్ హర్" అని కనిపించిన వాళ్ళందరికీ చెప్తుంది, సెలవు దొరికితే చాలు ఎడ్మంటన్ విమానమెక్కి అమ్మ పక్కన కూర్చుంటుంది.

"గవర్నమెంటు మీద కోపంతోనైనా నా దగ్గరికొస్తోంది కదే. తెలిస్తే రాదేమో" అంది అమ్మ. అంత భయం ఆ గొంతులో మేం ఆ 'ఇంట్లో' ఉన్నప్పుడు కూడా వినలేదు.

ఇప్పుడక్కడ ఇల్లు లేదు. పెద్దాయన మిగిలినవాళ్ళని వెంటబెట్టుకుని పడమటికి వెళ్ళిపోయాడు, మా నాన్న కూడా ఆయన వెంటే. దుంపల గది పూడ్చేసి, దానిమీద కూడా కనోలా వేశారని విన్నాను. సుభద్రమ్మ ఉందో లేదో తెలియదు. నేను సుధకి ఏమీ చెప్పలేదు, చెప్పను. దానికి తెలుగు చదవడం రాదు కాబట్టే ఇదంతా రాయగలిగాను.