రాతిమీద మొదటి పేరు

నేను సుబేదారిలో ఉండే రిటైర్డ్ తెలుగు టీచరమ్మను. పెళ్లి శుభలేఖ మొదలు శ్రద్ధాంజలి ఫ్లెక్సీ దాకా ఎవరికి నాలుగు ముక్కలు కావలసినా వచ్చి మా గేటు కొడతారు. మొన్న ఫిబ్రవరిలో నా పాత శిష్యుడు శ్రీనివాసరావు ఫోన్ చేశాడు. నెక్కొండ అవతల వాళ్ల ఊరు. తాతల కాలంలో గుంటూరు వైపు నుంచి వచ్చి, అడవి కొట్టి పొలాలు చేసుకున్నవాళ్లు కట్టుకున్నది. ఇన్నేళ్లయినా దాన్ని క్యాంపు అనే అంటారు.

"ఊరి మొదట్లో కమాను కడుతున్నామండీ. దాని కింద తాతల చరిత్రతో శిలాఫలకం. మీరొచ్చి రాసివ్వాలి మేడం. ఆదివారం పదకొండు నలభైకి శంకుస్థాపన" అన్నాడు. చరిత్ర అంటే నాకూ సరదాయే. సరేనన్నాను.

ఉదయం ఏడుంబావుకు ఆటో ఎక్కాను. వరంగల్ స్టేషన్‌కు నూటయాభై అన్నవాడు నూట ఇరవైకి దిగాడు. స్టేషన్ బయట ఇడ్లీ తిన్నాను. సాంబారు వేడిగా ఉంది, అంతకు మించి దాని గురించి మంచి మాట చెప్పలేను. వెళ్లదలచినవాళ్లు ఇంట్లోనే తిని బయల్దేరండి. ఎనిమిది పదికి రావలసిన ప్యాసింజర్ ఎనిమిది నలభైకి వచ్చింది.

ఎదురు సీట్లో ఒకావిడ నీళ్ల సీసా, సద్ది డబ్బా, పాత చీరల మూటతో కూర్చుంది. ఖమ్మం వైపు మిరపకాయ ఏరడానికి వెళుతోందట. నెల దాకా ఇంటికి రాదట. నా పని అడిగింది. ఒక ఊరివాళ్ల తాతలు వలస ఎందుకొచ్చారో రాయడానికి పోతున్నానని చెప్పాను.

"గది రాయనీకి మిమ్ముల పిలిపిచ్చిన్రా? బతుకుదామనే కదా ఎవలైనా పోయేది" అంది. నా యాభై నిమిషాల ప్రయాణానికి ఆ ఒక్క మాట చాలు. దిగి వెనక్కి వచ్చేయవలసింది నిజానికి. కానీ భోజనంలో గుత్తివంకాయ ఉందని శ్రీనివాసరావు ముందే చెప్పాడు.

నెక్కొండలో తొమ్మిదిన్నరకు దిగాను. కారు పంపాడు. క్యాంపులో సిమెంటు బల్లల మీద, నీళ్ల ట్యాంకు మీద, గుడిలో ఫ్యాను రెక్కల మీద కూడా దాతల పేర్లున్నాయి. ఫ్యాను తిరిగితే చదవలేమని కాబోలు, దాన్ని ఆపేసి ఉంచారు.

కమిటీలో ఇద్దరు పెద్దలు. ఒకడు మా శ్రీనివాసరావు, రెండోవాడు రైస్ మిల్లు ప్రసాదు. ఇద్దరూ చెరొక కాగితం నా చేతిలో పెట్టారు. రెండింటిలోనూ "జనసంచారం ఎరుగని కీకారణ్యంలో, క్రూరమృగాల నడుమ, ఈ ప్రాంతానికి సేద్యం నేర్పాలన్న సేవాభావంతో తొలి అడుగు వేసిన ధీరోదాత్తుడు" అనే ఉంది. ధీరోదాత్తుడి పేరు దగ్గరే తేడా. ఎవరి తాత వాళ్లకు ధీరోదాత్తుడు.

ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న శ్రీనివాసరావు నాయనమ్మ సీతమ్మగారు అది విని నవ్వింది. "సేవా లేదు, సింగినాదం లేదు. అక్కడ ఎకరం అమ్మితే ఇక్కడ పదొచ్చింది. అన్నదమ్ములు మొహాలు చూసుకోకుండా పంపకాలు చేసుకున్నారు. మేం వచ్చేశాం" అంది. మనవడు ఆవిడకు మజ్జిగ తెప్పించాడు, నోరు మూయించడానికి.

ఎవరు ముందొచ్చారో ఆవిడకూ తెలియదు. అప్పుడు జ్వరంతో ఉందట. తెలిసినవాడు ఒక్కడే, పక్క ఊరి యాకూబ్. నెక్కొండ స్టేషన్ నుంచి వీళ్లందరినీ ఎడ్లబండి మీద తెచ్చింది వాళ్ల నాయన. కబురు పంపబోతే, ఆయన అప్పటికే కమాను కట్టే చోట నిలబడి ఉన్నాడు.

నేనూ అక్కడికి వెళ్లాను. డెబ్బై దాటిన మనిషి, మెడలో ఎర్ర తువ్వాలు. వేపచెట్టు పక్కన సున్నం గీతలు, వాటి అవతల జేసీబీ. ఒక గీత చిన్న మట్టి దిబ్బ మీదుగా పోయింది.

"గది మా అమ్మ గోరి, టీచరమ్మా. నిన్న గీత గీసిన్రు. మూడు పార్లు చెప్పిన. చూద్దాం తాతా అంటాన్రు. ఎప్పుడు చూస్తరు, తవ్వినంకనా?" అన్నాడు.

అప్పటికి పదకొండయింది. కమిటీవాళ్లు వచ్చి యాకూబ్‌ను నడుమ నిలబెట్టారు. ఎవరి తాత ముందొచ్చాడో చెప్పమన్నారు.

"రెండు బండ్లు ఒక్క పొద్దే వచ్చినయ్. ముంగటి బండిల శ్రీనివాసరావోళ్ల సామాను. ఎనుక బండిల ప్రసాదోళ్ల మనుషులు. శ్రీనివాసరావోళ్ల మనుషులు తెల్లారి వచ్చిన్రు."

ఇక చూడాలి. సామాను వస్తే మనిషి వచ్చినట్టేనని ఒక పక్షం. గంగాళం వచ్చి అడవి కొట్టిందా అని ఇంకో పక్షం. శంకుస్థాపనకు వచ్చిన పంతులుగారు గడియారం చూపిస్తున్నాడు, ఎవరూ చూడటం లేదు.

"వీళ్లు దిగేసరికి ఇక్కడ ఎవరూ లేరా?" అని నేను యాకూబ్‌ను అడిగాను.

"ఎందుకు లేరు? మా అమ్మ బీబమ్మ ఉండె. దూప అయితాందంటే అందరికి నీళ్లు పోసింది. మక్క గట్క వండి పెట్టింది."

కాగితంలో "జనసంచారం ఎరుగని" అన్న మాటను అందరూ చూస్తుండగా కొట్టేశాను. "మొదటి పేరు బీబమ్మది రాయండి. తర్వాత మీ తాతలిద్దరి పేర్లూ ఒకే వరుసలో" అన్నాను.

ప్రసాదు శ్రీనివాసరావు వైపు చూశాడు. శ్రీనివాసరావు ప్రసాదు వైపు చూశాడు. నా తాత పేరు పైన లేకపోయినా పోనీ, వాడి తాత పేరూ పైన లేకపోతే చాలునన్న సంతోషం రెండు ముఖాల్లోనూ ఒకేసారి కనపడింది. ఇంత వేగంగా న్యాయం జరగడం నా సర్వీసులో చూడలేదు. రాతిమీద మొదటి పేరున్న మనిషి గోరిని తవ్వితే బాగుండదని ప్రసాదే అన్నాడు. పదకొండు ముప్ఫయ్యారుకు సున్నం గీతలు రోడ్డు అవతలికి జరిగాయి.

భోజనం పన్నెండున్నరకు. పులిహోర, గుత్తివంకాయ, గోంగూర, పెరుగు. గుత్తివంకాయ గురించి అబద్ధం చెప్పను, అద్భుతం.

తిరుగు బండి మూడు ఇరవైకి. యాకూబ్ తన కొడుకు ఆటోలో స్టేషన్ దాకా వచ్చాడు, కిరాయి తీసుకోలేదు. ప్లాట్‌ఫారం బల్ల మీద నా పక్కన కూర్చుని మెల్లగా చెప్పాడు.

"మా అమ్మ గూడ గీడిది కాదు, టీచరమ్మా. కరువుల నల్లగొండ దిక్కుకెల్లి నడుసుకుంట వచ్చింది, నన్ను సంకనేసుకోని. వచ్చేసరికి ఆడ ఎవలియో మూడు పొయ్యిరాళ్లు ఉండెనట. గా రాళ్ల మీదనే గట్క వండిందట."

"ఎవరివి?"

"ఏమెరుక? జర గీ ముచ్చట వాళ్లకు చెప్పకుండ్రి. మల్ల గీతలు జరుపుతరు."

చెప్పనని మాటిచ్చాను. రైలు అరగంట ఆలస్యంగా వచ్చింది, కిటికీ సీటు దొరికింది. వరంగల్ వచ్చేదాకా ఆ మూడు రాళ్లే కళ్లముందున్నాయి. ముందొచ్చామనేవాళ్ల వెనక ఇంకెంత మంది ఉన్నారో, వాళ్లకు గట్క ఎవరు పోశారో ఏ కాగితంలోనూ లేదు.

నా యాత్రలు చదివి బయల్దేరే మిత్రులు కొందరున్నారు. రైలు వేళలు, ఆటో కిరాయి, భోజనం అన్నీ చెప్పాను. మనుషుల పేర్లు మార్చాను, క్యాంపు పేరు అసలు చెప్పలేదు. నెక్కొండ చుట్టూ అలాంటివి చాలానే ఉన్నాయి. దయచేసి ఏదని నన్ను అడగకండి. ఆ ముసలాయన తల్లి ఉన్నచోటనే ఉండాలి.