మినహాయింపు వద్దన్న సంతకం

మా ఇంట్లో ఎవరూ ఎవరికీ అర్జీ పెట్టి ఎరుగరు. అర్జీలు మా తాతగారి దగ్గరికే వచ్చేవి. ఆయన వరండాలో కుర్చీలో నిటారుగా కూర్చుని వినేవారు. ఆ కుర్చీ, ఆ వరండా, దాని ముందున్న పొలాలు ఎప్పుడో పరాయివాళ్ల పాలయ్యాయి. నాకు మిగిలింది ఆ కూర్చునే తీరు ఒక్కటే. మద్దిలపాలెంలో రెండు గదుల అద్దె వాటాలో ఉంటూ, సముద్రపు చేపల మీద పరిశోధన చేసే ఒక ల్యాబులో స్టోర్స్ సూపరింటెండెంటుగా పనిచేసేవాణ్ణి. సిటీ బస్సులో కూడా సీటుకు ఆనుకోనని తోటివాళ్లు నవ్వేవాళ్లు. నవ్వనిచ్చేవాణ్ణి.

ల్యాబులో ఒక పెద్ద ఫ్రీజరు ఉండేది. ఇంట్లో ఫ్రిజ్ లాంటిది కాదు; సున్నాకు ఎనభై డిగ్రీలు కిందికి దిగుతుంది. అంత చలి మా దగ్గర ఇంకే ఫ్రీజరులోనూ లేదు. ఒక పరిశోధక విద్యార్థిని ఆరేళ్లుగా పోగుచేసిన చేప ముక్కలు వేలెడంత ప్లాస్టిక్ గొట్టాల్లో అందులో ఉండేవి. ఆ అమ్మాయిది వేట మీద బతికే కుటుంబం. తండ్రి పడవ ఒడ్డుకొచ్చినప్పుడల్లా వలలోంచి స్వయంగా ఏరుకున్న చేపలవి. కరిగితే ఆ ఆరేళ్లూ పోయినట్టే. థీసిస్ అప్పటికి సగంలో ఉంది.

ఒక సోమవారం ఫ్రీజరు తెర మీద మైనస్ ఎనభైకి బదులు మైనస్ డెబ్భై రెండు కనిపించింది. గ్యాసు కారిపోతోందన్నాడు మా మెకానిక్. అతను పద్మనాభం నుంచి రోజూ మోటార్‌సైకిల్ మీద వచ్చేవాడు; ఊళ్లో వరి, ఇక్కడ కంప్రెసర్లు. లీకు అతికించాడు. గ్యాసు మళ్లీ నింపాలి. సిలిండరు చెన్నైలో ఏజెంటు దగ్గరే ఉంది కానీ, విదేశంలో ఉన్న తయారీదారు అనుమతి లేనిదే ఇవ్వడు. గాలిలో కలిస్తే భూమిని విపరీతంగా వేడెక్కించే గ్యాసు కాబట్టి వాళ్ల దేశంలో దాన్ని నిషేధించారు. ఇంత చల్లబరిచే ల్యాబు ఫ్రీజర్లకు మాత్రం మినహాయింపు ఉంది. అందుకో ఫారం. సంతకం చేయాల్సింది నేను.

అందులో ఒక వాక్యం: ఈ నిషేధం నుంచి మాకు మినహాయింపు ఇవ్వవలసిందిగా కోరుతున్నాము.

అక్కడితో చదవడం ఆపేశాను. లోకమంతా పాటించేదాన్నుంచి మమ్మల్ని మాత్రం వదిలెయ్యండని అడుక్కోవడమా? ఆ వాక్యాన్ని ఎర్ర సిరాతో కొట్టేసి, పక్కన మంచి ఇంగ్లీషులో, నియమం అందరికీ ఒకటే, మా సంస్థ ఏ మినహాయింపూ కోరదు అని రాసి సంతకం పెట్టాను. పంపించాక క్యాంటీన్‌కు వెళ్లి తృప్తిగా రెండో కాఫీ కూడా తాగాను.

బుధవారం పొద్దున్నే జవాబొచ్చింది. మా నిబద్ధతను మనసారా అభినందించారు. గ్యాసుకు అనుమతి మాత్రం ఇవ్వలేమన్నారు.

ఆ అమ్మాయి జవాబు రెండుసార్లు చదివింది. అప్పటిదాకా నాతో పుస్తకంలా మాట్లాడేది.

"ఏటి సార్ ఇది? ఆ లైను ఎవులు కొట్టీమన్నారు?"

"ఎవరూ అనలేదు. నేనే."

"ఆరేళ్ల సేపలు సార్ అవి! మా నాన్న పట్టినవి!"

మెకానిక్ నవ్వు ఆపుకోలేకపోయాడు. "దొరబాబూ, మిషను కోసం అడగమంటే మీ కోసం అడగమన్నారనుకున్నారేటి?"

"నిషేధం లేని గ్యాసు పొయ్యకూడదా?" అన్నాను కాస్త గట్టిగా.

"ఉంది బాబూ. కొత్త మిషన్లల్లో అదే ఎడతన్నారు. అంటుకునే రకం. ఈ పాతదాన్లో ఎడితే సేపలు గడ్డకట్టవు, వేగిపోతాయి."

అంత కంగారులోనూ ఆ అమ్మాయి ఫక్కున నవ్వింది. నేను నవ్వలేదు. తెర మీద మైనస్ అరవై నాలుగు ఉంది.

మెకానిక్ అచ్యుతాపురంలో మందుల కంపెనీలకు డ్రై ఐస్ అమ్మే డీలరుకు ఫోన్ చేశాడు. మధ్యాహ్నానికి ఆటోలో నాలుగు పెట్టెలు వచ్చాయి. పొగలు కక్కుతున్న ఆ తెల్లటి దిమ్మలను చేపల చుట్టూ పేర్చి తలుపు మూశారు. రెండు రోజులకు మించి ఆగదన్నాడతను. తర్వాత కొత్త ఫారం తెచ్చి నా ముందు పెట్టాడు.

"కింద కూడా సదవండి బాబూ. మొన్న సదవలేదు గదా."

కింద ఉన్నవన్నీ షరతులే. నెలనెలా లీకు పరీక్ష చేయాలి. ఫ్రీజరు పాడైన రోజున గ్యాసును గాలిలోకి వదలకుండా సిలిండరులోకి తిరిగి పట్టాలి. వీటన్నిటికీ పూచీ పడే మనిషి పేరు రాయాలి.

"ఊరికే ఒదిలీడం కాదు బాబూ. అడిగినోడు కాపలా కాయాల," అన్నాడు.

కాపలా అయితే మా వంశానికి తెలిసిన పనే. పూచీ పడే మనిషి గడిలో ముందు నా పేరు రాశాను. తర్వాత పైకి వచ్చి ఆ వాక్యం దగ్గర ఆగాను. కొత్త ఫారంలో దాన్ని చేత్తో రాసివ్వాలట. మొదటి ఫారం చూశాక కంపెనీవాళ్లు ఆ జాగ్రత్త పడ్డారు. 'కోరుతున్నాము' దగ్గర చెయ్యి కదలలేదు.

"పెన్ను కూడా గడ్డకట్టీసినాదేటి?" అన్నాడు మెకానిక్.

"ఉండండి, వత్తాది," అంది ఆ అమ్మాయి. "మైనస్ ఎనభై నుంచి రావాల కదా."

రాశాను. అంతటితో వదల్లేదు; చెన్నై ఏజెంటుకు ఫోన్ చేసి త్వరగా పంపమని చెప్పమన్నారు. లేచి నిలబడి ఫోన్ చేశాను. 'దయచేసి' అనే మాట రెండుసార్లు వాడాను. ఏజెంటు చాలా మర్యాదస్తుడు. ఒక్కసారి చాలునన్నాడు.

శుక్రవారం ఉదయం సిలిండరు దిగింది. మెకానిక్ గ్యాసు నింపుతున్నంతసేపూ మేమిద్దరం తెర ముందే కూర్చున్నాం. సాయంత్రానికి అంకె ఎనభై దగ్గర నిలిచింది. ఆ అమ్మాయి లావుపాటి గ్లౌజులు తొడుక్కుని ఒక గొట్టం పైకి తీసి ట్రే అంచు మీద కొట్టింది. టక్కుమంది. ఇంకోటి తీసింది. అదీ అంతే.

అప్పుడు తండ్రికి ఫోన్ చేసింది. "కరగలేదు నాన్నా. రాళ్లలాగున్నాయి." అవతలి నుంచి ఏదో అడిగారు. ఆ అమ్మాయి నా వైపు చూసి నవ్వు దాచుకుంటూ చెప్పింది.

"అడిగేరు నాన్నా. సారే అడిగేరు."