జహనుమాలో స్పానిష్ పలికించిన సుగుణ టీచర్

సుగుణ టీచర్ ఇక లేరన్న వార్త నాకు బడిలోనే తెలిసింది. ఉదయం ప్రార్థన ముగిసి పిల్లలు తరగతులకు వెళ్తుండగా ప్రధానోపాధ్యాయులు నన్ను పక్కకు పిలిచి, ఆవిడ నిద్రలోనే కన్నుమూశారని చెప్పారు. ముందురోజు సాయంత్రమే ఆవిడ మిరపకాయ బజ్జీలు తింటూ, మూడో తరగతికి ఏ పాట నేర్పాలో నాతో వాదించారు. అంతటి నిండైన కంఠం మూగబోయిందంటే మనసు ఒప్పుకోలేదు. 

ఆవిడను ఎరుగనివారి కోసం చెబుతున్నాను. డెబ్బయ్యవ దశకం తొలినాళ్లలో, పాతబస్తీలోని జహనుమాలో, ఒక చిన్న ప్రాథమిక పాఠశాలలో, కార్మికుల పిల్లలకు స్పానిష్ భాష నేర్పిన విదుషీమణి సుగుణ టీచర్. పసితనంలోనే తల్లిదండ్రులను పోగొట్టుకుని, స్పెయిన్ నుంచి వచ్చిన సిస్టర్ పిలార్ అనే క్రైస్తవ సన్యాసిని సంరక్షణలో హాస్టల్లో పెరిగారు. ఆ తల్లి తన ఊరి జోలపాటలు పాడి నిద్రపుచ్చేదట. "అమ్మ ఇచ్చింది తెలుగు, అమ్మ లేనినాడు దొరికింది స్పానిష్" అనేవారు టీచర్.

ఇప్పుడు అదే బడిలో పాఠాలు చెబుతున్న నేను ఆవిడ మొదటి శిష్యుల్లో ఒకదాన్ని. అంతకుముందు నేను తరగతిలో నోరు విప్పేదాన్ని కాదు. ఇంగ్లీషులో ఒక్క మాట తప్పితే చాలు, వెనక బెంచీల్లో నవ్వులు. స్పానిష్ గంటలో ఆ భయం లేదు. ఎవరికీ రాని భాషలో ఎవరు ఎవరిని చూసి నవ్వగలరు? తొలిరోజు టీచర్ బల్ల మీద చెయ్యివేసి, "ఉర్దూల దీన్ని ఏమంటరు?" అన్నారు. "మేజ్" అన్నాం. "స్పానిష్‌ల మేసా" అన్నారు. చొక్కా చూపి, కమీజ్‌ను కమీసా అన్నారు. సాబున్‌ను హబోన్ అన్నారు. శక్కరను అసూకర్ అన్నారు. "చూసిన్రా, సగం మీకు వచ్చే ఉన్నది. తతిమ్మాది నేను చెప్త." ఆ సాయంత్రం దారిపొడవునా ఆ మాటలే పలుకుతూ ఇల్లు చేరాను.

భాషతోపాటు ఆ దేశాన్ని కూడా మా కళ్ల ముందుకు తెచ్చేవారు. ఒక ఏడు వినాయక చవితికి ముందు మమ్మల్ని ధూల్‌పేట్ తీసుకువెళ్లి, ఆరుతున్న విగ్రహాల నడుమ నిలబెట్టి, స్పెయిన్‌లో ఈస్టరుకు ముందు వారం జనం విగ్రహాలను భుజాలకెత్తుకుని వీధుల్లో ఊరేగే వైభవాన్ని వర్ణించారు. రంగులద్దుతున్న పెద్దాయన కుంచె ఆపాడు.

"గాళ్లవి గూడ గింత బరువుంటయా అమ్మా?"

"ఇంకా ఎక్కువనే భాయ్. మోసేటోళ్ల భుజాలు కాయలు కాస్తయి."

ఆయన తలూపి, "అయితే మనసొంటోళ్లే" అన్నాడు. మాకు అంతకు మించిన భూగోళ పాఠం లేదు.

అయితే ఆ తరగతి నిరాటంకంగా సాగలేదు. కంచన్‌బాగ్ కార్ఖానాలో కార్మికుడైన మా నాన్న, మా బాపే, కొందరు తల్లిదండ్రులను వెంటబెట్టుకుని బడికి వచ్చాడు. "ఇంగ్లీషే సక్కగ వస్తలేదు పోరగాళ్లకు. గీ స్పానిష్ ఏంది టీచరమ్మా? దీంతోని ఏం నౌకరీ వస్తది?"

టీచర్ కోపగించుకోలేదు. "నౌకరీ వస్తదని నేను చెప్పలేను అన్నా. మీ పద్మ బడిల మాట్లాడతలేదని పోయినేడు మీరే ఫికర్ చేసిన్రు. ఇప్పుడు మాట్లాడుతున్నదా, లేదా?"

 వార్షికోత్సవం అయ్యాక నిర్ణయిద్దామన్నారు యాజమాన్యం వారు. తరగతి ఉంటుందో పోతుందో ఆ ఒక్క సాయంత్రం మీద పడింది.

ఆ రోజు వేదిక మీద మేము నాటికగా ఇరానీ చాయ్ హోటల్ పెట్టాం. గల్లా దగ్గర నేను. మాటలన్నీ స్పానిష్‌లోనే. పిల్లల వంతు అయ్యాక టీచర్ ముందుకొచ్చి, "ఇప్పుడు మీలోకెల్లి ఎవరన్న వచ్చి చాయ్ అడుగున్రి" అన్నారు. సభ కదల్లేదు. యాజమాన్యం వారు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. 

అప్పుడు వెనక వరుసలోంచి మా బాపు లేచాడు. కార్ఖానా బట్టలతోనే వేదిక ఎక్కి, నా ఎదుట నిలబడి, ఇంట్లో నేను వల్లెవేస్తుంటే విన్న మాటలను ఒక్కొక్కటే కూడబలుక్కున్నాడు: "ఉన్ తె... పోర్ ఫవోర్." ఒక టీ, దయచేసి.

ఆ భాషలోనూ మనకులాగే 'నువ్వు' వేరు, 'మీరు' వేరు. 'మీరు'ను 'ఉస్తెద్' అంటారు. ఇంట్లో నేను 'నువ్వు' అని పిలిచే తండ్రిని ఆ రోజు 'మీరు' అని గౌరవించి అడిగాను: "కియేరె ఉస్తెద్ అసూకర్?"

ముందు వరుసలో ఒక ముసలమ్మ పక్కామెతో, "శక్కర కావాల్నా అంటున్నది" అంది. ఆ మాట సభంతా పాకింది. ఎవరో "జ్యాదా డాల్ బేటీ" అని, ఎక్కువ వెయ్యమన్నారు. చప్పట్లు ఆగలేదు. తరగతి నిలిచింది. బాపు దిగుతూ టీచర్‌కు చేతులు జోడించాడు.

నాటి విద్యార్థుల్లో ఒకడు గోల్కొండ చూడవచ్చే విదేశీయులకు దారిచూపుతున్నాడు. చాలామందికి స్పానిష్‌తో పనిపడలేదు. కానీ ఎవరి ముందూ నోరు పెగలక నిలబడరు. అంత్యక్రియల నాడు వాళ్లందరినీ చూశాను. ఒక సామాన్య ఉపాధ్యాయిని సాధించిన సామ్రాజ్యం అది.

మరునాడు ఆవిడ తరగతి నేను తీసుకున్నాను. మొదటి బెంచీలో పాప లేచి, "చచ్చిపోవుడును స్పానిష్‌ల ఏమంటరు టీచర్?" అనడిగింది. ఇన్నేళ్లలో ఆ మాట ఆవిడ మా ఎవరికీ నేర్పలేదు. ఆ సంగతే పాపకు చెప్పాను. ఆవిడ నేర్పినవి చదువుదామన్నాను. పిల్లలు గొంతెత్తారు, పక్క తరగతులు పాఠం ఆపి విన్నాయి.