అర్జీ మీద ఒక్క వేలిముద్ర

ఇవాళ పొద్దున నూజివీడులో ఎమ్మెల్యే గారి ఆఫీసుకి అర్జీ పట్టుకెళ్ళాను. కుర్రాళ్ళకి మామిడి అంటు కట్టడం నేర్పే కేంద్రం పెట్టాలని, దానికి అసెంబ్లీలో నిధులు అడగాలని రాయించాను. నేర్పడానికి నేనున్నాను. నేను కట్టిన అంటుమొక్కలు చింతలపూడి దాకా కాపుకొచ్చాయి.

అర్జీలు తీసుకునే ఆయన కాగితం తిప్పి చూశాడు.

"ఒక్క కుర్రాడి సంతకం కూడా లేదేంటి తాతగారూ? మీ వేలిముద్రొక్కటేనా?"

"ఇక్కడ పని లేక అందరూ హైదరాబాదు పోయారండి. వాళ్ళుంటే నేనెందుకొస్తాను?"

ఆయన నవ్వలేదు. పది సంతకాలు తెస్తే తానే లోపలికి తీసుకెళ్తానన్నాడు.

సాయంత్రం దాకా మా ఊరంతా తిరిగాను, ఒక్కడూ దొరకలేదు. అందుకే ఇది ఫోనుకి చెప్పి రాయించి అందరికీ పంపుతున్నాను. బతిమాలడం నాకు చేతకాదు. మా వైపు కుర్రాళ్ళు ఎక్కడున్నా సరే, సంతకానికి వస్తారో రారో చెప్పండి. సోమవారం మళ్ళీ వెళ్తాను. బస్సులో నా పక్క సీటు ఖాళీయే.