బొట్టు పెట్టిన బోర్డు

2023లో నేను నేరేడుచర్ల దగ్గర ఒక ప్రభుత్వ హైస్కూల్లో లెక్కలు చెప్పేదాన్ని. ఆ ఏడాదే మా తొమ్మిదో తరగతి గదికి ఇంటరాక్టివ్ ప్యానెల్ వచ్చింది. పెద్ద టీవీలా ఉండి, వేలితో ముట్టుకుంటే రాతలు పడే బోర్డు అది. కొత్త ట్రాక్టరుకు చేసినట్టే దానికీ కొబ్బరికాయ కొట్టి, ఫ్రేము నాలుగు మూలలా పసుపు కుంకుమలు పెట్టాం. పిల్లలెవరూ చెయ్యి వేయకూడదని హెడ్మాస్టరుగారి హుకుం.

అదే వారం ఆ క్లాసులోని సరిత వాళ్ల నాన్న వెంకన్న వచ్చాడు. సరిత లెక్కల్లో చురుకైన పిల్ల. ఎండాకాలం సెలవుల్లో గడ్డి కోసే మిషన్‌లో చెయ్యి పడి కుడిచేతి వేళ్లన్నీ పోయాయి. అప్పటినుంచి ఆ చేతిని చున్నీ కింద దాచుకుని వెనక బెంచీలో కూర్చునేది. ఎడమచేత్తో రాత కుదరడం లేదు.

“ఇగ బడి ఖతం అంటున్నది మేడం. ఎంత జెప్పినా ఇనదు. టీసీ ఇయ్యుండ్రి,” అన్నాడు.

శనివారం దాకా ఆగమన్నాను. ఆగితే ఏం చేస్తానో నాకే తెలియదు.

మర్నాడు ప్యానెల్ మొండికేసింది. వృత్తం గీస్తే సగంలో తెగిపోతోంది, నేను ముట్టుకోని చోట పిచ్చిగీతలు పడుతున్నాయి. సూర్యాపేట నుంచి టెక్నీషియన్ వచ్చాడు. పిల్లలందరి ముందే ఫ్రేము చూసి నవ్వాడు.

“బొట్లు గిట్ల పెట్టిండ్రా మేడం?”

“కొత్త వస్తువు కదయ్యా, పెట్టకుండా ఎట్లా?”

“ఈ ఫ్రేములకెళ్లి కంటికి కనపడని వెలుగు పోతుంటది. కుంకుమ రాలి దానికి అడ్డం పడ్డది. ఏది అడ్డమొచ్చినా ఎవరో ముట్టుకున్నరనే అనుకుంటది ఇది.”

“అయితే వేలే కానక్కర్లేదా?”

“వేలెందుకు మేడం, మోచెయ్యి పెట్టినా రాస్తది,” అంటూ ఫ్రేము తుడిచి, మోచేత్తో నిజంగానే ఒక గీత గీశాడు.

వెనక్కి చూస్తే సరిత ఆ గీతనే చూస్తోంది. అరచెయ్యి ఆనితే రాత చెరిగిపోయే సెట్టింగు ఒకటుంటుంది, దాన్ని ఆపేసి వెళ్లమన్నాను. ఎందుకని అతను అడిగితే, పనుందన్నాను.

శనివారం హెడ్మాస్టరుగారిని ఒప్పించి క్లాసుకు వెళ్లాను.

“సరితా, వచ్చి వృత్తం గియ్యి.”

“నాతోని కాదు మేడం.”

“మోచేతికి వచ్చింది, నీ చేతికి రాదా?”

లేచి వచ్చింది. చున్నీ జారిపోయింది, సర్దుకోలేదు. చేతి మొనను తెర మీద ఆనించింది. తెల్లటి గీత మొదలై, మెల్లగా తిరిగి, ఎక్కడా తెగకుండా మొదటి చోటుకే వచ్చి కలిసింది. తర్వాత జ్యా గీసింది. కేంద్రం నుంచి దాని మీదికి లంబం దించింది. అల్లరికి పేరుపడ్డ ఆ క్లాసంతా బెంచీల మీంచి లేచి చూస్తోంది. నాకైతే ఆ పిల్లకు మొక్కాలనిపించింది.

టీసీ కోసం వచ్చిన వెంకన్న గుమ్మంలోనే నిలబడిపోయాడు.

“గా రాసేది నా బిడ్డేనా మేడం?”

సరిత వెనక్కి తిరగలేదు. “నాయినా, ఇంకా అయిపోలే. జర ఆగు.”

టీసీ మాట మళ్లీ ఎత్తలేదు ఆయన. నేను నేర్చుకున్నదీ ఆ రోజే. మనం పాఠాలు వేసి చూపిస్తున్నంతసేపూ ఆ ప్యానెల్ ఉత్త టీవీ. పిల్లల చెయ్యి పడితేనే బోర్డు.

దసరా ఆయుధపూజకు దానికి బొట్టు సరితే పెట్టింది, ఆ కుడిచేత్తోనే. ఫ్రేముకు కాదు, పక్కనున్న గోడకు.