ఎర్రమూతి కోతి, లక్క పురుగు

మా జంతుశాస్త్రం సారు పోయారన్న కబురు అబిడ్స్‌లో బస్సు కోసం నిలబడి ఉండగా తెలిసింది. నాతో చదివిన స్నేహితురాలు ఎదురుపడి, "సారు పోయిన్రు, నిన్న పొద్దుగాల" అంది. వచ్చిన బస్సు ఎక్కలేదు. నాంపల్లిలో ఆయన ఇంటిదాకా నడిచే వెళ్ళాను.

1960 ప్రాంతంలో నేను పి.యు.సి. చదివేటప్పుడు, సారు ఏటా ఇచ్చే ప్రశ్నే మాకూ ఇచ్చారు: ఎర్రమూతి కోతినీ లక్క పురుగునూ పోల్చుము. గాజులకు వాడే లక్కను తయారుచేసేది ఆ పురుగే. నేను కోతికి రెండు పేజీలు, పురుగుకు ఒక్క ముక్క రాశాను: "దీనికి కాళ్ళు లేవు, ఏమీ చేయదు." సున్నా వేశారు. తప్పితే చదువు మాన్పిస్తానని మా నాయన ముందే అన్నాడు. ఏడుస్తూ వెళ్ళి నాలుగు మార్కులు అడిగాను.

"మార్కులియ్య బిడ్డా. జర చూసి రాయి, మళ్ళ పరీక్ష పెడ్త" అన్నారు. ఆ రోజు ఆయన మీద నాకు పట్టరాని కోపం వచ్చింది.

ఆ వారం సాయంత్రాలు మా నలుగురైదుగురిని బాగేఆం తోటలో అప్పట్లో ఉన్న జూకి, కోతుల బోను దగ్గరికి తీసుకెళ్ళారు. ఆయన పల్లీలు నములుతూ పొట్టు మాత్రం జేబులోనే వేసుకునేవారు. తల్లి పొట్టను కరుచుకున్న కోతిపిల్లను చూపించి, లక్క పట్టిన రేగు పుల్లనూ భూతద్దాన్నీ నా చేతికిచ్చారు.

"పుట్టినప్పుడు దీనికీ కాళ్ళుంటయి. కొమ్మకు కుదురుకున్నంక పోతయి. కోతి పిల్లను మోసుకపోతది. గిది ఆడనే ఉండి పిల్లలను పంపిస్తది. ఎవరు గొప్ప అని నేనెన్నడన్న అడిగిన్నా?"

రెండోసారి పాసయ్యాను. చదువు నిలిచింది. ఇప్పుడు నేనూ పిల్లలకు అదే పాఠం చెబుతున్నాను.

ప్రమోషన్ మీద వేరే ఊరు పొమ్మన్నా సారు వెళ్ళలేదు. "ల్యాబును ఎవరు చూస్తరు?" అనేవారు. మేమే ఒక్కొక్కరం వెళ్ళిపోయాం. ఇదే ఊళ్ళో ఉండి కూడా నేను ఆయన్ని చూసి రెండేళ్ళయింది. అది తలుచుకుంటే సిగ్గేస్తుంది.

నేను వాళ్ళింటికి చేరేసరికి సారు భార్య బీరువాలోంచి ఒక పొట్లం తీసి, "నీకియ్యమన్నరు" అంది. అదే పుల్ల, అదే భూతద్దం. కిటికీ దగ్గరికి వెళ్ళి చూశాను. లక్క ఇంకా గట్టిగా కొమ్మను పట్టుకునే ఉంది. దాని నిండా, పిల్లలు వెళ్ళిపోయిన సన్నని రంధ్రాలు.