పద్మ పుట్నాలు

పొద్దుగాల కిటికీ కాడ తడి దూది వాసన. మా బిడ్డ బడి కోసం రెండు గ్లాసులు పెట్టింది. ఒకదాంట్ల శనగలు, ఇంకోదాంట్ల పుట్నాలు.

"పుట్నాలెందుకు బిడ్డా?"

"వేయించినయి మొలుస్తయో లేదో చూడాలె డాడీ!"

నా కడుపు మళ్ల మండింది.

యాదికుందా దోస్తులూ, మన వరంగల్ బడిల కిరాణం దుకాణపోళ్ల పద్మ? శనగలు తెమ్మంటే, దుకాణంల చేతికందిన పుట్నాలు తెచ్చి దూదిల పెట్టింది. ఒక్కటి మొలవలే. అందరం నవ్వినం. సారు మాత్రం నవ్వలే. "ఎందుకు మొలవలేదో మనమే కనుక్కుందాం" అని క్లాసంతటితోని రెండేసి గ్లాసులు పెట్టించిండు. దానికి పద్మనే లీడర్!

అందరికంటె ఎత్తు మొలకలు నాయే. సారు అటు మొఖాన చూడలే. ఇంటికి తీస్కపోయి చూపిస్తే, మా అమ్మ తాలింపు వేసింది.